లో వోల్టేజ్‌లో కూడా తగ్గని ఫ్యాన్: మా ఇంట్లో నాలుగు ఎండాకాలాల తర్వాత

ఈ బీఎల్‌డీసీ ఫ్యాన్లు, అంటే లోపల బోర్డు ఉండి తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం ఫ్యాన్లు, నేను కరెంట్ బిల్లు తగ్గుతుందని కొనలేదు, రిమోట్ కోసం అసలే కొనలేదు. 2022 ఏప్రిల్‌లో మా బాబుకి తొమ్మిదో నెల, అర్ధరాత్రి పన్నెండున్నరకి ఇన్వర్టర్ కీ కీ మని అరిచి అరిచి ఆగిపోయింది, ఇక అప్పట్నుంచి తెల్లారేదాకా వాణ్ణి ఒళ్ళో వేసుకుని విసనకర్రతో విసురుతూ కూర్చున్నా, పొద్దున్నే టీ గిన్నె ఎత్తుదామంటే చెయ్యి లేవలేదు, ఆ పొద్దున అనుకున్నా ఇట్టా కాదు ఏదో ఒకటి చెయ్యాలని. ఆ ఏప్రిల్ మనవాళ్ళలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, రాష్ట్రమంతా కరెంట్ కొరత, ఫ్యాక్టరీలకి పవర్ హాలిడే ఇచ్చారు, ఊళ్ళల్లో రాత్రిపూట కోతలు. పేపర్లో ఈఎల్‌ఆర్ అని రాసేవాళ్ళు, ఎమర్జెన్సీ లోడ్ రిలీఫ్ అంట. మాకు మాత్రం తెలిసింది ఒకటే, పది దాటాక పోతుంది, ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు.

మాది పిడుగురాళ్ల. సున్నపు బట్టీల ఊరు. ఎండాకాలం రాగానే పేపర్లో పేరు కనపడే రెంటచింతల కూడా మా పల్నాడే, కాబట్టి ఎండ సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు. మా ఇల్లు శ్లాబు ఇల్లు, కింద నాపరాళ్ళు, మూడు గదులు, ఒక వంటిల్లు. పగలంతా కాలిన శ్లాబు రాత్రి తొమ్మిది పదింటికి ఆ వేడంతా కిందికి దించుతుంది, మంచం మీద వెల్లకిలా పడుకుంటే మొహం మీద పెనం పెట్టినట్టే ఉంటుంది. ఇంట్లో మా అత్తయ్యకి డెబ్భై దాటాయి, బీపీ ఉంది. 2015 మేలో వడదెబ్బకి రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా పోయారు, ఆ ఏడాది మా వీధిలో కూడా ఒక పెద్దాయన పోయాడు, అప్పట్నుంచీ మే నెల వస్తే నాకు పెద్దవాళ్ళ గురించి ఒకటే గుబులు.

రెక్కల వెడల్పు ఎంత, నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుంది ఇవన్నీ డబ్బా మీదే ఉంటాయి, నేను రాయను. కంపెనీ పేరు కూడా రాయను, ఇప్పుడు ఈ రకం ఫ్యాన్లు దాదాపు అన్ని కంపెనీలూ చేస్తున్నాయి, నేను చెప్పబోయేది కూడా ఏ కంపెనీదానికైనా కొంచెం అటూ ఇటూగా వర్తిస్తుందనే నా నమ్మకం.

అసలు సమస్య బ్యాటరీ చిన్నదవటం అని మేమందరం అనుకున్నాం. 2019లో కొన్న సైన్ వేవ్ ఇన్వర్టర్, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, బ్యాటరీ ఎంత పట్టుకుంటుందో చెప్పే అంకె) పొడుగు ట్యూబులర్ బ్యాటరీ. లెక్కకి 150ని బ్యాటరీ 12 వోల్టులతో గుణిస్తే 1800 వాట్ అవర్లు. మూడు పాత ఫ్యాన్లు, ఒక్కోటి 75 వాట్లు, రెండు ఎల్‌ఈడీ బల్బులు, అంతా కలిపి 245 దాకా లాగుతాయి. కాగితం మీద ఏడు గంటలు రావాలి కదా, రాదు, ఇన్వర్టర్ తినేది తింటుంది, బ్యాటరీని అడుగంటా వాడకూడదు, పైగా ఎక్కువ లోడ్ పెడితే బ్యాటరీ దాని కెపాసిటీ పూర్తిగా ఇవ్వదు, ఆ 150 అనే అంకె ఇరవై గంటలు నిదానంగా వాడితే వచ్చేది. కొత్తలో నాలుగున్నర గంటలు వచ్చేది. 2022 నాటికి రెండున్నరకి పడిపోయింది. మా ఆయన ఇంకో బ్యాటరీ కొందామన్నాడు, పదిహేను వేలు, అదీగాక ఒక బ్యాటరీ ఇన్వర్టర్‌కి రెండు పెట్టలేం, ఇన్వర్టర్ కూడా మార్చాలి. అప్పుడు మా ఎలక్ట్రీషియన్ తమ్ముడు ఒకే మాట అన్నాడు, "అక్కా, బిందె పెద్దది కొనటం కంటే చిల్లు చిన్నది చేసుకోరాదా" అని. ఆ మాట నాకు బాగా నచ్చింది. మర్నాడే రెండు ఫ్యాన్లు కొన్నాం, ఒక్కోటి మూడు వేల రెండొందలు, అత్తయ్య గదికి ఒకటి, మేము పడుకునే గదికి ఒకటి. ఫుల్ స్పీడులో 28 వాట్లే అని రాసుంది.

28 వాట్లు కాబట్టి ఇన్వర్టర్ ఎక్కువ సేపు వస్తుందని తెలుసు, అది తెలిసే కొన్నాం. నేను అస్సలు ఊహించనిది ఇంకోటి ఉంది, నేను ఈ సమీక్ష రాస్తున్నదే దాని కోసం.

మా వీధికి ట్రాన్స్‌ఫార్మర్ దూరం, మేము లైనుకి చివర ఉన్నాం. ఎండాకాలం సాయంత్రం ఏడు దాటిందంటే అందరూ ఏసీలు, కూలర్లు, మోటర్లు వేస్తారు, మా ఇంటికి వచ్చేసరికి వోల్టేజ్ పడిపోతుంది. ఫ్రిజ్ స్టెబిలైజర్ మీద ఎర్ర అంకెలు కనపడతాయి, 170, 165, ఒక్కోరోజు 158. ఆ టైములో పాత ఫ్యాన్ గానుగెద్దులా తిరుగుతుంది, రెక్కలు లెక్కపెట్టొచ్చు. అందుకని మేము ఇన్వర్టర్ వెనకాల ఉండే బుల్లి స్విచ్చిని యూపీఎస్ మోడ్‌లో పెట్టుకున్నాం, ఆ మోడ్‌లో వోల్టేజ్ 180 కంటే తగ్గితే ఇన్వర్టర్ ఆ కరెంట్ తీసుకోదు, తనంతట తానే బ్యాటరీ మీదకి వెళ్తుంది, ఫ్యాన్ స్పీడుగా తిరుగుతుంది, మాకు హాయిగానే ఉండేది. కానీ దానర్థం ఏంటో మూడేళ్ళు మాకు తట్టలేదు. ఏడున్నర నుంచి పదింటిదాకా వీధిలో కరెంట్ ఉండగానే మా ఇంట్లో బ్యాటరీ ఖర్చయిపోతోంది, అసలు కోత మొదలయ్యేసరికి సగం ఖాళీ. మేమేమో బ్యాటరీ పాతబడిందని దాన్ని తిట్టుకున్నాం.

ఈ సంగతి కొత్త ఫ్యాన్ బిగించిన మూడో రోజు బయటపడింది. అత్తయ్య గదిలో కొత్తది, హాల్లో పాతది, రెండూ తిరుగుతున్నాయి. బాబు పాకుతూ వెళ్ళి ఇన్వర్టర్ ట్రాలీ కదిలించాడు, వైరు లాగేశాడేమోనని మా ఆయన వెనకాల తడుముతుంటే ఆ స్విచ్ నార్మల్‌కి పడింది, అంటే వోల్టేజ్ తగ్గినా బ్యాటరీ మీదకి వెళ్ళకుండా లైను కరెంటునే ఇచ్చే మోడ్‌కి, మాకు తెలీదు. ఎనిమిదింటికి హాల్లో ఫ్యాన్ నీరసపడిపోయింది, కూరగాయలు తరుగుతున్న నాకు మెడ మీద చెమట, ఇక చూస్కోండి, కత్తిపీట పక్కన పెట్టి అత్తయ్య గదిలోకి వెళ్తే అక్కడ ఫ్యాన్ పొద్దున ఎట్టా తిరిగిందో అట్టానే తిరుగుతోంది. గోడ క్యాలెండర్ కాయితం టపటపా కొట్టుకుంటోంది. స్టెబిలైజర్ చూశా, 161. మళ్ళీ హాల్లోకి, మళ్ళీ గదిలోకి, అట్టా నాలుగుసార్లు తిరిగి ఉంటా నమ్మలేక. ఎలక్ట్రీషియన్ తమ్ముడికి ఫోన్ చేస్తే అప్పుడు చెప్పాడు. పాత ఫ్యాన్ మోటరు లైన్లో వచ్చే కరెంటుని నేరుగా తీసుకుంటుంది, అది తగ్గితే దాని బలమూ తగ్గుతుంది. ఈ ఫ్యాన్లో లోపల ఒక బోర్డు ఉంటుంది, అది వచ్చిన కరెంటుని డీసీగా మార్చి మోటరుకి ఎంత కావాలో అంత కొలిచి ఇస్తుంది, బయట 140 ఉన్నా 240 ఉన్నా మోటరుకి తెలీదు. డబ్బా మీద చూస్తే నిజంగానే రాసుంది, 140 నుంచి 285 వోల్టుల వరకు అని. చిన్న అక్షరాలతో, అడుగున. షాపువాడు బిల్లు గురించి అరగంట చెప్పాడు, రిమోట్ నొక్కి నొక్కి చూపించాడు, ఈ ఒక్క ముక్క చెప్పలేదు.

ఇక అప్పట్నుంచి ఇన్వర్టర్‌ని నార్మల్ మోడ్‌లోనే ఉంచేశాం. సాయంత్రం వోల్టేజ్ ఎంత పడినా ఫ్యాన్లు ఆ కరెంటుతోనే తిరుగుతాయి, బ్యాటరీ ముట్టుకోదు, కోత వచ్చేసరికి బ్యాటరీ నిండుగా ఉంటుంది. ఆ మే నెలలో ఒక రాత్రి పదీ నలభైకి పోయింది, నాలుగింటికి పది నిమిషాలుందనగా వచ్చింది, ఐదు గంటలు పైనే. రెండు ఫ్యాన్లు, ఒక బల్బు. తెల్లవారుజామున లేచి చూస్తే ఇన్వర్టర్ మీద బ్యాటరీ గీతలు ఇంకా సగం వెలుగుతున్నాయి. అదే బ్యాటరీ, మేము పాడైపోయిందని అనుకున్న బ్యాటరీ. పిల్లాడు ఒక్కసారి కూడా లేవలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది అనేకంటే, భయం లేకుండా పడుకున్నా అంటే సరిగ్గా ఉంటుంది.

ఇంకో లాభం కూడా ఉంది, కోతలు రోజూ ఉంటే బ్యాటరీ మళ్ళీ నిండటానికి టైమే ఉండదు, పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీ నిండాలంటే పది పన్నెండు గంటలు పడుతుంది, మధ్యాహ్నం ఇంకో కోత వస్తే రాత్రికి మళ్ళీ సగమే. తక్కువ వాడితే తొందరగా నిండుతుంది, అంతే. రాత్రి రెండు దాటాక కొంచెం చల్లబడితే స్పీడు మూడుకి తగ్గిస్తే ఇంకా తక్కువ లాగుతుంది, పాత ఫ్యాన్‌కి ఆ పెద్ద డబ్బా రెగ్యులేటర్ ఉన్నంతకాలం స్పీడు తగ్గించినా మిగిలేది పెద్దగా ఉండేది కాదు.

దీంతో 2023లో మూడోది కూడా తెచ్చాం, నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతా, మిషన్ ఉన్న గదికి. అప్పటికి ఫ్యాన్లకి స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు, ఆ ఏడాది జనవరి 1 నుంచి, కాబట్టి షాపులో ఐదు స్టార్లు చూసి తీసుకున్నా. రెండేళ్ళు నేను కనపడ్డవాళ్ళందరికీ చెప్పా. మా అక్కకి, బ్లౌజులకి వచ్చే ఆడవాళ్ళకి, పాల ఆయనకి. ఫ్యాన్ మార్చండి, ఇన్వర్టర్ వెనక స్విచ్చి నార్మల్‌లో పెట్టండి అని. స్విచ్చి ఎటుంటుందో ఫోటో తీసి పంపిన వాళ్ళూ ఉన్నారు.

2024 మే ఆఖర్లో, రోహిణి కార్తె వచ్చిన మూడో రోజో నాలుగో రోజో, సాయంత్రం ఐదున్నరకి గాలిదుమారం లేచింది. మా ఊళ్ళో దుమారం అంటే ఎర్ర దుమ్ముతో పాటు బట్టీల వైపు నుంచి తెల్లటి సున్నపు పొడి కూడా లేస్తుంది, ఆకాశం ఇటుక రంగులోకి మారింది, ఆరేసిన బట్టలు తెచ్చేలోపు కరెంట్ పోయింది. నాలుగు చినుకులు పడ్డాయి, నేల కూడా తడవలేదు, వేడి ఇంకా పెరిగింది. ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఎనిమిదీ పదికి కరెంట్ వచ్చింది. వచ్చీ రావటంతోనే హాల్లో బల్బు ఎప్పుడూ లేనంత తెల్లగా వెలిగింది, కళ్ళు చిట్లించుకునేంత. అదేంటి అనుకునేలోపే అత్తయ్య గదిలో పైన టప్ మని శబ్దం, రెండు సెకన్లకి మా గదిలో ఇంకో టప్. కాలిన రెగ్జిన్ వాసన. ఫ్యాన్ వెంటనే ఆగదు కదా, దాని వేగానికి అది తిరుగుతూ తిరుగుతూ నెమ్మదించి ఆగింది, మంచం మీద కూర్చున్న అత్తయ్య తలెత్తి దాన్నే చూస్తూ ఉంది. నేను పరిగెత్తి మెయిన్ దించేశా.

వీధిలో గగ్గోలు. ఎదురింట్లో టీవీ పోయింది, చివరింట్లో ఫ్రిజ్. లైన్‌మ్యాన్ వచ్చి చూస్తే స్తంభం దగ్గర న్యూట్రల్ వైరు తెగింది, గాలికి. న్యూట్రల్ తెగితే కొన్ని ఇళ్ళకి కరెంట్ తక్కువ, కొన్ని ఇళ్ళకి మామూలు కంటే చాలా ఎక్కువ వెళ్తుందంట, మేము ఆ ఎక్కువ వైపున్నాం. పాపం ఆయన తొమ్మిదిన్నరకల్లా సరిచేశాడు. కానీ మా రెండు ఫ్యాన్లు పోయాయి. మిషన్ గదిలోది స్విచ్చి ఆపేసి ఉంది కాబట్టి బతికింది.

ఎలక్ట్రీషియన్ తమ్ముడు అప్పటికే నాలుగిళ్ళు తిరిగి పదిన్నరకి వచ్చాడు. ఫ్యాన్ దించి కింద పరుపు మీద బోర్లా పెట్టి, టార్చి నోట్లో పెట్టుకుని మూత విప్పాడు. అరచెయ్యంత బోర్డు. దాని మీద నీలం రంగు బిళ్ళ ఒకటి, రూపాయి బిళ్ళలో సగం ఉంటుంది, నడిమికి పగిలి నల్లగా మసి. "ఎక్కువ కరెంట్ వస్తే ముందు ఇదే చచ్చిపోతదక్కా, మిగతా వాటిని కాపాడ్డానికే పెడతారు, ఇది చిన్న దెబ్బకైతే తట్టుకుంటది, ఇంతసేపు వస్తే ఆగదు" అన్నాడు. రెండో ఫ్యాన్లో బిళ్ళతో పాటు పక్కన నల్ల చిప్పు కూడా పేలింది. బోర్డు మార్చాలి. బోర్డు ఎక్కడ దొరుకుతుంది అంటే కంపెనీ దగ్గరే, మన ఊళ్ళో ఎవడి దగ్గరా ఉండదు, ఒక మోడల్ బోర్డు ఇంకో మోడల్‌కి పట్టదు. తర్వాత ఇంకోటి అడిగాడు, నెమ్మదిగానే, "అక్కా, ఇన్వర్టర్ ఏ మోడ్‌లో ఉంది?" అని. నార్మల్ అన్నా. యూపీఎస్‌లో ఉండుంటే 260 దాటగానే లైను వదిలేసి బ్యాటరీ మీదకి పోయేది, నార్మల్‌లో 290 దాకా రానిస్తుంది, అందుకే ఫ్యాన్లకి అంత దెబ్బ తగిలి ఉండొచ్చు అన్నాడు. కచ్చితంగా అదే కారణమని ఆయన అనలేదు, వచ్చిన కరెంట్ ఎంతో ఎవరూ కొలవలేదు కదా. కానీ ఆ మాట నాకు లోపల గుచ్చుకుంది, నేను ఎంతమందికి చెప్పా ఆ స్విచ్చి గురించి, వాళ్ళందరి మొహాలు గుర్తొచ్చాయి. మర్నాడు కూర్చుని ఒక్కొక్కళ్ళకి ఫోన్ చేసి చెప్పా.

ఇక ఆ రాత్రి. శ్లాబు కాలుతోంది, అత్తయ్య చెమటతో తడిసిపోయింది, తడి తువ్వాలు మెడకి చుట్టా, మజ్జిగలో ఉప్పేసి ఇస్తే సగం తాగి పక్కన పెట్టింది. అప్పుడు మా ఆయన అటక ఎక్కి పాత ఫ్యాన్ దించాడు. నేను దాన్ని పాత చీరలో మూట కట్టి పెట్టా 2022లో, పాతసామాన్ల వాడికి వేద్దామంటే అత్తయ్యే వద్దంది, మామయ్య తెచ్చిన ఫ్యాన్ అని. బరువు, ఇనప ముద్ద. తమ్ముడు దాన్ని టార్చి వెలుగులోనే ఎక్కించాడు, కెపాసిటర్ పోయి ఉంది, బ్యాగులోంచి ఇంకోటి తీసి వేశాడు, యాభై రూపాయలు. పదకొండున్నరకి తిరిగింది. కిర్రు కిర్రుమంటూ. అత్తయ్య పైకి చూసి, "అమ్మాయ్, గాలంటే ఇదీ" అంది. నలుగురం ఆ గదిలోనే పడుకున్నాం.

కంపెనీకి ఫోన్ చేస్తే హై వోల్టేజ్‌కి వారంటీ వర్తించదన్నారు. బోర్డు ఫోటోలు పంపా, నాలుగుసార్లు మాట్లాడా. చివరికి బోర్డులు డబ్బులకే తెప్పించుకున్నాం, ఒక్కోటి ఎనిమిది వందల యాభై, రావటానికి తొమ్మిది రోజులు. మే ఆఖర్లో తొమ్మిది రోజులు పడుకునే గదిలో ఫ్యాన్ లేకుండా ఉండటం అంటే ఏంటో మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. నాకు కోపం ఎనిమిది వందల యాభై మీద కాదు, ఊళ్ళో వైండింగ్ షాపు ఉంది, పాత ఫ్యాన్ కాలిపోయినా రెండు రోజుల్లో చుట్టి ఇస్తాడు, ఈ ఫ్యాన్‌కి అట్టాంటి దిక్కు లేదు. అన్ని ఊళ్ళల్లో అమ్ముతున్నారు, బాగుచేసేది మాత్రం ఎక్కడో ఉంటుంది. ఎండలు ఎక్కువుండి, కరెంట్ సరిగ్గా ఉండని ఊళ్ళకే కదా ఈ ఫ్యాన్ అవసరం, ఆ ఊళ్ళల్లోనే బోర్డు దొరకదు.

తర్వాత మీటర్ పక్కన వోల్టేజ్ కటాఫ్ పెట్టించాం, బిగింపుతో కలిపి పదమూడు వందలైంది, పైన 260, కింద 150 పెట్టాడు, అది దాటితే ఇంటికి కరెంట్ ఆపేస్తుంది, మళ్ళీ సరైన కరెంట్ వచ్చాక అర నిమిషం ఆగి ఇస్తుంది. ఇది పెట్టాకే ఇన్వర్టర్‌ని మళ్ళీ నార్మల్ మోడ్‌కి మార్చా. ఇప్పుడు ఎవరైనా అడిగితే ఫ్యాన్‌తో పాటు ఈ డబ్బా కూడా కలిపే చెప్తున్నా, విడిగా చెప్పట్లేదు.

ఇంకో విషయం ముందే చెప్పాల్సింది. ఈ ఫ్యాన్ గొప్పతనం అంతా రాత్రికే. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా, బయట 44, 45 ఉన్నప్పుడు, ఏ ఫ్యాన్ అయినా మొహం మీదకి వడగాడ్పు కొడుతుంది అంతే. 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ ఒంటిని చల్లబరచదు, ఇంకా వేడెక్కిస్తుంది, ఫ్యాన్ వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్తుంది. పెద్దవాళ్ళున్న ఇంట్లో ఇది తెలిసుండాలి. మేము ఆ టైముకి కూలర్ వేస్తాం, వట్టివేళ్ళ తడికలది, కరెంట్ పోతే అదొక్కటే ఇన్వర్టర్ మీద, ఫ్యాన్లు ఆపేసి. అది 170 వాట్లు దాకా లాగుతుంది కాబట్టి రోజూ కుదరదు. లేకపోతే కిటికీకి తడి దుప్పటి కట్టి అత్తయ్యని అక్కడ కూర్చోబెడతా. మాది పొడి గాలి కాబట్టి పనిచేస్తుంది, మచిలీపట్నంలో ఉన్న మా అక్కకి ఇదేం పనికిరాదు, అక్కడ గాలే తడి, చెమటే ఆరదు, కూలర్ వేస్తే ఇంకా జిడ్డు. వాళ్ళకి మాత్రం పగలూ రాత్రీ ఫ్యానే దిక్కు.

ఇంకా నిజం చెప్పాలంటే 2023లో మేము శ్లాబు మీద సున్నం కొట్టించాం, రెండు పూతలు, మా ఊరి సున్నమే. అప్పటిదాకా ఎంత మంచి ఫ్యాన్ అయినా శ్లాబు కింద పోగైన వేడిగాలినే మన మీదకి తోస్తుంది కదా. సున్నం కొట్టాక రాత్రి పదింటికి లోపల శ్లాబుకి చెయ్యి ఆనిస్తే ఆనించగలిగా, అంతకుముందు వెనక్కి లాగేసుకునేదాన్ని. 2023 తర్వాత రాత్రులు హాయిగా ఉన్నాయంటే అందులో ఫ్యాన్ వాటా ఎంత, సున్నం వాటా ఎంత, నేను విడదీసి చెప్పలేను. పోయిన ఏడాది వరకూ మొత్తం ఫ్యాన్ ఖాతాలోనే వేశా.

చిన్న చిన్నవి. దుమ్ము, మా ఊళ్ళో మరీనూ. ఈ ఫ్యాన్ తేలికగా ఉంటుంది, రెక్కల అంచున సున్నపు పొడి మందంగా పేరుకుంటే ఊగటం మొదలుపెడుతుంది, పాతది బరువు కాబట్టి ఊగేది కాదు. మొదట్లో తడిబట్టతో తుడిచేదాన్ని, అది తప్పు, తడి తగిలితే ఆ పొడి పేస్టులా మారి అంచుకి అతుక్కుని గట్టిపడుతుంది, తర్వాత గోరుతో గీకినా రాదు. ముందు పొడిబట్టతో దులిపి, ఆ తర్వాతే తడిబట్ట. వారానికోసారి. రిమోట్ మా ఇంట్లో ఎవరికీ కలిసి రాలేదు, బాబు రెండు పగలగొట్టాడు, చీకట్లో వెతుక్కోవాలి, అత్తయ్య అయితే దాన్ని ముట్టుకోదు. గాలి విషయంలో కూడా అత్తయ్య మాటలో నిజం ఉందనే అనిపిస్తుంది, కరెంట్ నిండుగా ఉన్నప్పుడు పక్కపక్కన పెట్టి చూస్తే పాత ఫ్యాన్ గాలి గది మూలల దాకా వెళ్తుంది, ఇది కింద ఉన్నవాళ్ళకి బాగా తగులుతుంది. కానీ కరెంట్ నిండుగా ఉండేది ఎప్పుడు, పొద్దున ఆరింటికి.

బిల్లు తగ్గిందా అని అడుగుతారు. మూడు ఫ్యాన్లు రోజుకి పదహారు గంటలు తిరిగితే నెలకి అరవై యూనిట్ల పైన మిగలాలి లెక్క ప్రకారం. మాకు తగ్గింది, కానీ అదే టైములో కూలర్ వాడకం పెరిగింది కాబట్టి అంత కనపడలేదు.

ఈ 2025 ఎండాకాలం పెద్ద పరీక్ష పెట్టలేదు, రుతుపవనాలు మే 24కే కేరళకి వచ్చేశాయి, రోహిణి కార్తెలో మాకు రోళ్ళు పగలాల్సింది పోయి వానలు పడ్డాయి. కాబట్టి కటాఫ్ డబ్బా నిజంగా ఎంత కాపాడుతుందో ఇంకా చూడలేదు. బ్యాటరీకి ఆరో ఏడు, ఇప్పటికీ రెండు ఫ్యాన్ల మీద నాలుగు గంటలు ఇస్తోంది, ఆరు నెలలకోసారి డిస్టిల్డ్ వాటర్ మర్చిపోకుండా పోస్తున్నాం.

కొనమంటావా అంటే, మీకు ఇన్వర్టర్ ఉండి, సాయంత్రం మీ వీధిలో వోల్టేజ్ పడిపోతుంటే, రాత్రి కోతలు ఉంటే, ఇంట్లో చంటిపిల్లలో పెద్దవాళ్ళో ఉంటే, నేనైతే కొనమంటా, పడుకునే గదికి ముందు, హాలుకి తర్వాత. ఇన్వర్టరే లేని ఇంట్లో, లేదా కరెంట్ బాగుండే పట్నంలో ఫ్లాట్లో ఉంటే నా అనుభవం మీకు పెద్దగా ఉపయోగపడదు, అక్కడ బిల్లు లెక్కే చూసుకోవాలి. ఊళ్ళో బాగుచేసేవాళ్ళు ఎవరూ లేకపోతే ఇంట్లో ఫ్యాన్లన్నీ ఒకేసారి మార్చొద్దు.

మేము మాత్రం అత్తయ్య గదిలో పాత ఫ్యాన్‌ని మళ్ళీ దించలేదు, కిర్రు మనే చోట నూనె వేయించాం, తిరుగుతోంది. ఆవిడ గదిలోంచి తీసిన కొత్తది బోర్డు మార్చాక హాల్లో పెట్టాం. రాత్రి కోత వస్తే ఆవిడ మంచం హాల్లోకి లాగుతాం, అదొక్కటే కొంచెం పని. మొన్న మార్చిలో ఇంకో బోర్డు కూడా తెప్పించి ఉంచా, డబ్బాతో సహా, బీరువాలో పట్టుచీరల కింద.